సపటికం

మొన్న బీచ్ రోడ్డులో ఒక షాపులోకి వెళ్లి అనవసరంగా కోపం తెచ్చుకున్నాను. ఎండ మండిపోతోంది, లోపల ఏసీ ఉంది కదా అని దూరాను. తప్పు నాదే. లోపలంతా అగరుబత్తి పొగ, ఎక్కడినుంచో వేణువు, గాజు బల్లల నిండా రంగురంగుల రాళ్లు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నన్ను చూడగానే ఒక తెల్లటి రాయి తెచ్చి చేతిలో పెట్టింది.

"క్లియర్ క్వార్ట్జ్ మేడమ్. మనసులో ఉన్న నెగటివ్ అంతా తీసేసి క్లియర్ చేసేస్తుంది. నెలకోసారి ఉప్పునీళ్లలో కడిగి వెన్నెల్లో పెట్టుకోవాలి, అంతే."

"దీన్ని తెలుగులో ఏమంటారమ్మా?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "పటిక అంటారనుకుంటా మేడమ్."

"పటిక కాదు, స్ఫటికం. స కింద ఫ ఒత్తు. మురికినీళ్లు తేరడానికి వేసేది పటిక. ఇది వేరు, అది వేరు," అన్నాను, ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లల్ని నిలబెట్టి దిద్దిన గొంతుతో. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకు నా మీదే ఒళ్లు మండింది. ఈ ఒక్క మాటని దిద్దే హక్కు ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు.

రాయిని కనురెప్ప మీద ఆనించుకున్నాను. చల్లగా ఉంది. కాసేపు ఉంచినా చల్లగానే ఉంది. అసలుదే. బేరమైనా ఆడకుండా కొనేసి బయటికి వచ్చేశాను.

అలా కనురెప్ప మీద పెట్టి చూడడం మా మామ్మ నేర్పింది. మామ్మ అంటే మా నాన్న తల్లి. గాజయితే కంటి వేడికి ఇట్టే వెచ్చబడిపోతుంది, స్ఫటికం అంత తొందరగా లొంగదు. ఈ సంగతి ఆవిడ ఎక్కడా చదువుకోలేదు. అసలు చదువుకోనే లేదు.

మా ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఎక్కడో ఉంది, ఏ షెడ్డు కిందో ఏ రోడ్డు కిందో తెలియదు. ఒక పక్క కొండ, ఒక పక్క జీడితోటలు, తాటితోపు దాటితే సముద్రం. ఎండాకాలం వస్తే ఊరంతా జీడిపిక్కలు కాల్చిన పొగ. ఆ జీడి అంటి మూతి పొక్కని పిల్ల మా వాడలో ఉండేది కాదు. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, నంజుకోడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్లు. ఇప్పుడు నాకు ఎండుచేప వండడానికి వీల్లేదు, అపార్టుమెంటులో పైవాళ్లు కిటికీలు వేసుకుంటారు.

మా తాత కొండ మొదట్లో నుయ్యి తవ్వుతుంటే పలుగురాళ్ల మధ్య ఆ స్ఫటికం దొరికిందట. నేను పుట్టకముందు మాట. మధ్యవేలంత పొడుగు, ఆరు పలకలు, ఒక కొసన మొన. ఎవరూ చెక్కలేదు, భూమిలోనే అలా పెరిగింది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే లోపల పాలమీగడలాంటి సన్నటి తెర కనిపించేది, కాస్త తిప్పితే మాయమయ్యేది. దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో లెక్కలేదు.

తాత పోయాక మామ్మ దాన్ని గోడ గూట్లో పసుపుముద్ద పక్కన నిలబెట్టింది. పొద్దున్నే స్నానం చేసి, దాని మీద చెంబుడు నీళ్లు పోసి, ఒక మందారం పెట్టి, రెండు కళ్లకీ అద్దుకునేది. ఆ తరవాతే చుట్ట. మా వైపు పెద్ద ఆడవాళ్లు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. అందుకని మా ఇంట్లో దేవుడి గూటి దగ్గర పసుపు వాసన, పొగాకు వాసన కలిసే ఉండేవి.

"ఇది ఏ దేవుడు మామ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఏ దేవుడూ కాదే గుంటా. పటిక."

"మరి దండం ఎందుకెడతన్నావు?"

"ఇటు సూడు. మందారం ఎట్టినాను. ఎర్రగయిపోనాదా? తీసీసినాను. ఏదీ ఎరుపు? ఒక్క సుక్కయినా అంటుకున్నాదా? మనకి ఎవలో ఒక మాటంతే పది దినాలు అంటుకుని ఉండిపోద్ది. దీనికి ఏదీ అంటదు. అందుకెడతన్నాను."

తరవాత కాలేజీలో పండితులు ఇదే రాయిని, ఇదే పువ్వుని పట్టుకుని గంటలకొద్దీ వేదాంతం చెబుతుంటే నాకు ఆవులింతలు వచ్చేవి. మామ్మ చుట్ట వెలిగించుకునేలోపు చెప్పేసింది.

నాకు మాత్రం ఆ వయసులో పలుగురాళ్లే ఇష్టం. వడ్లగది తలుపు వేసుకుని, గోనెసంచి నెత్తిన కప్పుకుని, రెండు పలుగురాళ్లు గట్టిగా రాస్తే వాటి లోపల నారింజరంగు వెలుగు మిణుక్కుమనేది. వెంటనే ఒక కమురు వాసన, కాల్చిన టపాకాయ దగ్గర వచ్చేలాంటిది. ఒకరోజు బుద్ధి గడ్డితిని మామ్మ పటికని తెచ్చి పలుగురాయితో రాయబోయాను. మామ్మ ఈతబరిక తీసుకుని పిక్కల మీద రెండు వడ్డించింది. ఆవిడ నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

ఊరు ఖాళీ చెయ్యమన్నారు. ఎడ్లబళ్ల మీద సామాను వేసుకుని గాజువాక వైపు కొత్తగా వేసిన కాలనీకి వచ్చాం. మామ్మ తన పెద్దరోలు వదిలేసింది, గింజలు పోసుకునే పెద్ద కుండలు వదిలేసింది. పటికని మాత్రం గుడ్డలో చుట్టి బొడ్లో దోపుకుంది. కొండ దగ్గర మందుపాతర పేల్చినప్పుడల్లా ఆ చప్పుడు కాలనీ దాకా వినిపించేది. మామ్మ గూటి వైపు చూసేది. "కొండ పోతన్నాది. దాని పిల్ల నా కాడుంది," అనేది. మా ఊరి నుంచి మాకు మిగిలిందల్లా అదొక్కటే అని నాక్కూడా తెలుసు.

కొత్త బడి నాకు నరకం. ఎక్కడెక్కడినుంచో ఉద్యోగాలకి వచ్చినవాళ్ల పిల్లలు అక్కడ చదివేవారు. మొదటిరోజే మాస్టారితో "నాను రాసీసినానండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. తెలుగు మాస్టారు నన్ను నిలబెట్టి, "నాను కాదు, నేను. ఏటి కాదు, ఏమిటి," అని పదిసార్లు అనిపించారు. ఆయన మంచివాడే. నాకే ఆ నవ్వు ఒంట్లోంచి పోలేదు. పంతం పట్టి ఆరునెలల్లో క్లాసులో అందరికన్నా బాగా పలకడం నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని అక్కడితో ఊరుకున్నానా! ఇంటికొచ్చి అందరి మాటా దిద్దడం మొదలుపెట్టాను. చేపలు అనండి, సేపలు కాదు. వెళ్లు అనండి, ఎల్లు కాదు. మా సిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, భోజనానికి కూర్చుని, "ఒలే పంతులమ్మా, ఆకలేత్తన్నాది అనొచ్చేటి, దానికీ ఒత్తెట్టాలేటి?" అని ఏడిపించేవాడు.

ఒకరోజు పాఠంలో స్ఫటికం అన్న మాట వచ్చింది. మాస్టారు అర్థం చెప్పగానే మా గూట్లో రాయి కళ్లముందు మెరిసింది. ఒక్క పరుగున ఇంటికొచ్చాను.

"మామ్మా, దాన్ని పటిక అనకు. పటికంటే నీళ్లలో వేసేది, మంగలి గడ్డానికి రాసేది. ఇది స్ఫటికం."

"సపటికం."

"కాదు. స్ఫ. స్ఫ."

"ఇస్పటికం."

"అబ్బా, స్ఫ మామ్మా!"

"నా నోట్లో పల్లు ఉన్నాయేటే ఊదడానికి? సపటికం. ఇంక నావల్ల కాదు," అని నవ్వేసింది.

కానీ ఆవిడ ఆ మాటని ఎంత గౌరవంగా పట్టుకుందంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. "మా గుంట సెప్పినాది. పటిక అనకూడదంట. సదువుకున్నోలు సపటికం అంతారంట." పొద్దున్నే గూటి ముందు నిలబడి "సపటికం సామీ" అని దండం పెట్టుకునేది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మామ్మకి అర్థమైందేమిటంటే పటిక అన్నది తప్పు మాట, సపటికం అన్నది ఒప్పు మాట. ఒప్పు మాట దొరికాక తప్పు మాట ఎందుకు? ఒకసారి నన్ను వెంటబెట్టుకుని కిరాణాకొట్టుకి వెళ్లి, "నీలల్లోకి సపటికం ఇయ్యి బావూ," అంది. కొట్టతను తెల్లమొహం వేశాడు. మామ్మ వేలుపెట్టి పటిక డబ్బా చూపించింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. మర్నాడు బళ్లో చెప్పి అందర్నీ నవ్వించాను కూడా. ఊళ్లో అందరి మాటా దిద్దిన దాన్ని, దిద్దవలసిన ఆ ఒక్కచోట దిద్దలేదు.

ఆ ఏడాదే సిన్నాన్నకి పెళ్లయింది. పిన్నిది గోపాలపట్నం. నాకన్నా ఏడెనిమిదేళ్లే పెద్ద. నాకు జడలు వేసేది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొబ్బరుండలు దాచిపెట్టి ఇచ్చేది, నేను ఎన్ని దిద్దినా విసుక్కునేది కాదు. మామ్మ అంటే మాత్రం హడలు. మామ్మ ఏం చెప్పినా ఒకటే జవాబు, "అలాగే అత్తా."

పిన్ని వచ్చిన రెండో నెలలో వానలు పట్టాయి. అమ్మ కాన్పుకి, మా తమ్ముణ్ణి కనడానికి, పుట్టింటికి వెళ్లింది. కాలనీ నూతిలో నీళ్లు ఎర్రమట్టి కలిసి చిక్కగా వచ్చేవి. ఆ రోజు పొద్దున్న మామ్మ, ఆనందపురంలో వాళ్ల చెల్లెలికి ఒంట్లో బాగులేదని కబురొస్తే బయల్దేరింది. నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. మామ్మ గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి పిన్నితో చెప్పింది.

"ఒలే అమ్మీ, గోలెంలో నీలు ఎర్రగున్నాయి. సపటికం దంచీసి ఏసీయ్. నానొచ్చేతలికి తేరిపోవాల."

"అలాగే అత్తా."

నా రెండు చెవులతో విన్నాను. మళ్లీ తప్పు అంది అనుకున్నాను, పేజీ తిప్పాను.

కాసేపటికి పెరట్లోంచి చప్పుడు మొదలైంది. పచ్చడిబండతో కొడుతున్న చప్పుడు, తరవాత సుత్తి చప్పుడు. ఠంగు, ఠంగు. నాకు చిరాకేసింది. "పిన్నీ, చప్పుడు చెయ్యకు, చదువుకుంటున్నాను!" అని అరిచాను. చప్పుడు కాస్త తగ్గి మళ్లీ మొదలైంది. అప్పుడు వచ్చింది వాసన. వడ్లగదిలో గోనెసంచి కింద వచ్చే కమురు వాసన.

పుస్తకం ఎక్కడ పారేశానో తెలియదు. వెళ్లేసరికి రోట్లో అంతా తెల్లటి పొడి, పెచ్చులు, మొన ఉన్న ఒక చిన్న ముక్క. సగం అప్పటికే గోలెంలో పడిపోయింది. పిన్ని చెమటలు కక్కుతూ కర్రతో నీళ్లు కలుపుతోంది.

"ఈ సపటికం ఏటే బాబూ ఇంత గట్టిగున్నాది? సుత్తి అట్టుకొచ్చినాను. ఎంత కలిపినా నీలు తేరవేటి?"

"పిన్నీ, అది మామ్మ దేవుడు."

"ఆవిడే కదే దంచమన్నాది," అంది. అని, నా మొహం చూసి కర్ర వదిలేసింది.

ఇద్దరం మోచేతుల దాకా ఎర్రనీళ్లలో ముంచి వెతికాం. వేళ్లు తెగాయి. దొరికిన పెచ్చులు కొంగులో పోసుకుని పిన్ని కూర్చుంది. మామ్మ కొన్న అసలు పటిక అటక మీద డబ్బాలో కాగితం పొట్లంలో ఉంది. రెండు నెలల కోడలికి ఆ డబ్బా సంగతి తెలియదు. ఈ ఇంట్లో సపటికం అని ఏ రాయిని పిలుస్తారో మాత్రం రోజూ పొద్దున్నే వింటోంది.

సాయంత్రం మామ్మ వచ్చింది. ఖాళీ గూడు చూసింది. గోడకి చేరబడి కూలబడిపోయింది. "ఎందుకు సేసినావే?" అంది.

"మీరే సెప్పినారు కదత్తా. సపటికం దంచమన్నారు."

"నానా? పటిక దంచమన్నాను. దేవుణ్ణి దంచమని సెప్పీదాన్నేటే నాను?"

"లేదత్తా. సపటికం అనే అన్నారు. ఒట్టు."

మామ్మ నా వైపు తిరిగింది. "ఒలే గుంటా, నువ్వు అరుగు మీదే ఉన్నావు కదా. సెప్పు. నానేటన్నాను?"

ఇద్దరూ నా నోటి వైపు చూస్తున్నారు. అప్పుడే పనినుంచి వచ్చిన నాన్న, సిన్నాన్న కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. సపటికం అంది అని చెబితే, తరవాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పటికని సపటికం అని ఎందుకన్నావమ్మా అని నాన్న అడుగుతాడు. మా గుంట నేర్పింది అంటుంది మామ్మ. ఇంట్లో పండితురాలినై తిరుగుతున్న దాన్ని, ఆ ఒక్క క్షణం ఓర్చుకోలేకపోయాను.

"పటిక అన్నావు మామ్మా," అన్నాను.

స్పష్టంగా, తప్పు లేకుండా పలికాను. పిన్ని నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. నా వైపు ఒక్కసారి చూసి తల వంచుకుంది.

మామ్మ పిన్నిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటినుంచి పిన్ని చేత్తో ఇచ్చిన నీళ్లు తాగడం మానేసింది. తన చెంబు తనే ముంచుకునేది. కాలనీలో పిన్నికి "దేవుణ్ణి దంచిన కోడలు" అని పేరు పడిపోయింది. మొదటి కాన్పు నిలవకపోతే అందరూ ఆ రాయినే గుర్తుచేసుకున్నారు. నేను ఆ మాటలు వింటూ పక్కగదిలో వ్యాకరణం చదువుకునేదాన్ని.

పెచ్చుల్ని మామ్మ వారంరోజులు మూటకట్టి ఉంచుకుని, ఒకరోజు నన్ను తీసుకుని పాత ఊరి వైపు నడిచింది. కొండ మొదట్లో కలిపేద్దామని. ముళ్లకంచె వేసి ఉంది. కాపలాదారు లోపలికి పోనివ్వలేదు. "బావూ, మాదే ఈ ఊరు," అని మామ్మ ఎంతో బతిమాలింది. అతను ఏం చేస్తాడు, అతని ఉద్యోగం అతనిది. ఆఖరికి మూట విప్పి, పిడికిలి నిండా తీసుకుని కంచె సందులోంచి లోపలికి విసిరింది. అవి నాలుగడుగులు కూడా పోలేదు, అక్కడే గడ్డిలో మెరుస్తూ పడ్డాయి. ఆ రోజు తరవాత మామ్మ నోట సపటికం అన్న మాట రాలేదు. అన్నిటినీ పటికే అంది. నన్ను ఏ మాటా ఎలా పలకాలో అడగలేదు.

పదేళ్లు బతికింది ఆ తరవాత. చెబుదామని ఎన్నిసార్లు దగ్గర కూర్చున్నానో. ఓసారి దగ్గు, ఓసారి చుట్టాలు, ఓసారి నా పిరికితనం. ఆఖరిరోజుల్లో కళ్లకి పొరలు కమ్మేశాయి. "మామ్మా, ఆ రోజు..." అని మొదలుపెడితే, "సుట్ట ఏదే, తే," అంది. చుట్ట వెతికి తెచ్చేసరికి నిద్రపోయింది. ఇంత చిన్న మాట చెప్పడానికి పదేళ్లు చాలలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

షాపు నుంచి తిన్నగా గాజువాక బస్సెక్కాను. పిన్ని అక్కడే కొడుకు దగ్గర ఉంటోంది. జుట్టు ముగ్గుబుట్టయింది. చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"పిన్నీ, ఆ రోజు మామ్మ సపటికం అనే అంది. నేను విన్నాను. అబద్ధం ఆడాను."

పిన్ని చెయ్యి ఆగలేదు. "నాకు తెల్దేటే? నానూ ఇన్నాను కదా."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే? కొత్తకోడలి మాట నిజం, ఇంటిపిల్ల మాట అబద్దం అనీవోలు ఎవలు?" ఒక పిక్క తీసి పళ్లెంలో పడేసింది. "ఇప్పుడు నాకెందుకు సెప్తన్నావు? నాను తప్పు సెయ్యనేదని నాకు తెలుసు. ఆవిడకి సెప్పాల. పదేలు నా కల్లెదురుగా తిరిగినాది ఆవిడ. పదేలూ నా సేతి నీలు ముట్టనేదు."

సంచీలోంచి రాయి తీసి ఇచ్చాను. పిన్ని చీరకి చెయ్యి తుడుచుకుని దాన్ని తీసుకుంది, వెలుతురుకి అడ్డంగా పట్టి తిప్పింది, కనురెప్ప మీద పెట్టుకుంది. చాలాసేపు ఉంచుకుంది.

"సల్లగున్నాది," అని నా చేతిలో పెట్టేసింది. "తీసుకెల్లిపో. నా ఇంట్లో ఈ రాయి ఒద్దు."

లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎండలో వచ్చిన దాన్ని, దాహంగానే ఉంది. అయినా ఆ గ్లాసు ఖాళీ చెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. పిన్ని ఎదురుగా నిలబడి, నేను తాగడం అయ్యేదాకా చూసి, గ్లాసు తీసుకుంది.

మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేసింది.

"ఒలే, ఆటోలో ఎల్తావేటి? ఆ సపటికం జాగర్త. జారిపోగలదు."

"అలాగే పిన్నీ," అన్నాను.

సపటికం అనే అంది. పటిక అనలేదు. నా రెండు చెవులతో విన్నాను. ఆవిడ ఏమంది, నువ్వు విన్నావు కదా చెప్పు అని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే ఎంత బాగుండును.